టీ రుచి చూడటం, చూసింది రాయడం

విజయవాడ వన్‌టౌన్‌లో మాది లూజు టీ పొడి కొట్టు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. బ్రోకర్ల దగ్గర్నుంచి చిన్న చిన్న ప్యాకెట్లలో సాంపిళ్లు వస్తుంటాయి. వాటిని కాచి, రుచి చూసి, ఏది ఎంతకు కొనాలో, దేన్ని దేనితో కలపాలో తేల్చుకోవడమే నా పనిలో సగం. ఈమధ్య కొట్టుకొచ్చే పిల్లలు కొందరు "మేం కూడా టీల గురించి రాస్తున్నాం అక్కా, ఎలా చూడాలో చెప్పవా" అని అడుగుతున్నారు. వాళ్లు రాసినవి చదివాను. టీ సూపర్ అని ఉంటుంది, కిక్ అదిరిందని ఉంటుంది. ఆ టీ ఎలా ఉందో మాత్రం ఉండదు. చదివినవాళ్లకు ఆ పొడి కొనకముందే తమ ఇంటికి పనికొస్తుందో లేదో తెలియాలి. అలా రాయాలంటే ఒక్క టీని ఒంటరిగా తాగితే కుదరదు. పక్కన ఇంకో టీ ఉండాలి, రెండింటినీ ఒకే కొలతతో కాచాలి.

కొలత, నీళ్లు, వేళ

టీ రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లకు ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. పేరు ఐఎస్‌ఓ 3103, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల టీ, అప్పుడే మరిగిన నీళ్లు, మూత పెట్టి 6 నిమిషాలు. ఇలా దిగిన డికాక్షన్ తాగడానికి కాస్త గట్టిగానే ఉంటుంది. ఆ గట్టిదనంలోనే టీలోని మంచీ చెడూ బయటపడతాయి. ఇంట్లో అయితే 150 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాములు వేసుకోండి, లెక్క సరిపోతుంది.

చెంచా కొలతను నమ్మకండి. సీటీసీ గింజ, అంటే యంత్రంలో చిన్న ఉండలుగా చుట్టిన టీ, ఒక చెంచాడు తూగే బరువుకు, పొడవాటి ఆకు టీ రెండు మూడు చెంచాలైనా కావాలి. చెంచాతో కొలిచి ఆకు టీ పల్చగా ఉందని రాస్తే ఆ టీకి అన్యాయం చేసినట్టే. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. ఈ పని మొత్తానికీ తప్పకుండా పెట్టాల్సిన ఖర్చు అదొక్కటే.

కప్పులు లోపల తెల్లగా ఉన్న పింగాణీవి, అన్నీ ఒకే సైజువి తీసుకోండి. స్టీలు గ్లాసులో రంగు తెలియదు. మూతకు సాసరు చాలు.

నీళ్ల దగ్గర కొంచెం పట్టింపుగానే ఉంటాను, ఎందుకంటే టీ బాగాలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం నీళ్లే. బోరు నీళ్లతో కాచిన డికాక్షన్ చల్లారేకొద్దీ పైన సన్నటి పొర కట్టి, కదిపితే పగుళ్లిచ్చి ముక్కలవుతుంది. నీళ్లలోని సున్నం టీలోని పదార్థాలతో కలిసి కట్టే పొర అది. వాసన అణిగిపోతుంది, రంగు మసకబారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు మరీ తీసేస్తే దానికి ఎదురు బాధ, టీ చప్పగా తేలుతుంది. మీ ఇంట్లో రోజూ తాగే నీళ్లే వాడండి. అన్ని కప్పులకూ అవే పోయండి, అవి ఏ నీళ్లో సమీక్షలో రాయండి. ఒకసారి మరిగి చల్లారిన నీళ్లు మళ్లీ మరిగించి వాడొద్దు.

వేళ అంటారా, పొద్దున టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ మధ్య. ఆవకాయ తిన్న నోరు రెండు గంటల దాకా దేనికీ పనికిరాదు. అత్తరు, అగరుబత్తి, పక్క గదిలో పోపు, ఇవేవీ ఉండకూడదు. కప్పుకూ కప్పుకూ మధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి నాలుగు మరమరాలు నమలండి.

కప్పు ముందు కూర్చున్నాక

మొదట పొడిని తెల్ల కాగితం మీద పోసి చూడండి. గింజ ఒకే సైజులో ఉందా, పీచూ దుమ్మూ ఎంత, రంగు నల్లగా నిగనిగలాడుతోందా, బూడిద పట్టినట్టుందా? ప్యాకెట్ మీద బీఓపీ, బీపీ, పీఎఫ్, డస్ట్ అని అక్షరాలుంటాయి. అవి ఆకు లేదా గింజ సైజును చెబుతాయి, అంతే. డస్ట్ అన్నంత మాత్రాన అది ఊడ్చి ఎత్తిన దుమ్మని అనుకోకండి. సన్న గింజ కాబట్టి డికాక్షన్ త్వరగా, చిక్కగా దిగుతుంది. దక్షిణాదిలో డస్ట్ వాడకం ఎక్కువ, కొచ్చి టీ వేలంలో దానిదే పైచేయి.

6 నిమిషాలయ్యాక వడగట్టి, ముందు తడి పొడిని ముక్కు దగ్గర పెట్టుకోండి. డికాక్షన్ కంటే వేడి పిప్పిలోనే వాసన బాగా తెలుస్తుంది. మంచి టీ పిప్పి కొత్త రాగి బిందె రంగులో మెరుస్తుంది. పాతబడిన సరుకు పిప్పి నల్లగా, జీవం లేకుండా ఉంటుంది.

తర్వాత డికాక్షన్. నాలుక కాలనంత చల్లారనివ్వండి. చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా ఒక్కసారి జుర్రండి. ఇంట్లో పెద్దవాళ్లు తిట్టినా సరే. గాలితో కలిసి టీ తుంపరలుగా నోరంతా పరుచుకుని, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. దీని సంగతి తెలియాలంటే ఒకసారి ముక్కు మూసుకుని గుక్కెడు తాగండి. చేదు, వగరు మాత్రమే తెలుస్తాయి. ముక్కు వదలగానే మిగతా టీ అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎంత భాగం వాసనో అప్పుడు అర్థమవుతుంది. నోట్లో తిప్పాక ఉమ్మేయండి. ఆరేడు కప్పులు మింగితే రాత్రి నిద్ర పట్టదు.

చేదునూ వగరునూ విడదీయడం ముందుగా నేర్చుకోవాలి, సమీక్షల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. కాకరకాయది చేదు. జామ పిందె కొరికితే నాలుక బిరుసెక్కి, చిగుళ్లు లాగినట్టవుతుంది చూడండి, అది వగరు. టీలో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకోవడం వల్ల నోరు అలా ఆరిపోయినట్టవుతుంది. వగరు ఉన్నంత మాత్రాన టీ చెడ్డది కాదు. మంచి టీలో వగరు చురుక్కుమని తగిలి, వెంటనే నోట్లో నీళ్లూరిస్తుంది. నాసిరకంలో అంటుకుని అలాగే ఉండిపోతుంది. కాబట్టి "వగరుగా ఉంది" అని ఆపేయకండి. ఎక్కడ తగిలింది, ఎంతసేపు ఉంది, వెళ్లాక నోట్లో ఏం మిగిలింది, ఈ మూడూ రాయండి.

మొదటి జత: అస్సాం, నీలగిరి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనిచ్చే జత ఇదే. రెండూ మన దేశంవే, రెండూ సులువుగా దొరుకుతాయి, తేడా మాత్రం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అస్సాం సెకండ్ ఫ్లష్, అంటే మే, జూన్ నెలల కోత, సీటీసీ గింజ ఒకటి తీసుకోండి. కూనూరు వైపు నుంచి వచ్చే నీలగిరి ఆర్థడాక్స్ ఆకు ఇంకొకటి. ఆకును నలిపి, చింపి, ఉండలుగా చుట్టే యంత్రంలోంచి వచ్చేది సీటీసీ. 1930ల్లో అస్సాంలోనే పుట్టిన పద్ధతి. ఆకును నలిపి చుట్టి, చాలావరకు ఆకుగానే ఉంచేది ఆర్థడాక్స్.

రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. అస్సాం డికాక్షన్ ముదురు ఎరుపు, అడుగు కనిపించదు. నీలగిరిది తేనె రంగుకూ నారింజ రంగుకూ మధ్య, కప్పు అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. వాసన చూడండి. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల్ని మాల్టు కోసం వేయిస్తున్నప్పుడు వంటింట్లో లేచే వాసన తెలుసుగా, అస్సాంలో అది పట్టుకోండి. టీ వాళ్లు మాల్టీ అనేది దాన్నే. నీలగిరిలో పూల వాసన, వెనకాలే బత్తాయి తొక్క గిల్లినప్పటి వాసన సన్నగా. నోట్లో అస్సాం బరువుగా, నాలుక మీద ముద్దగా కూర్చుంటుంది. నీలగిరి తేలిగ్గా జారిపోయి చివర్లో కొంచెం చురుక్కుమంటుంది.

ఇప్పుడు రెండు కప్పుల్నీ అలాగే వదిలేసి గంట తర్వాత రండి. అస్సాం కప్పు మబ్బు పట్టినట్టు, పల్చటి పాలు కలిపినట్టు మసకగా మారి ఉంటుంది. పాడైందని పారబోసేవాళ్లున్నారు. టీలోని కెఫీన్, పాలీఫినాల్స్ చల్లారాక ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోవడం వల్ల వచ్చే మసక అది, సత్తువ ఉన్న టీకి గుర్తు. మళ్లీ వేడి చేస్తే తేటపడుతుంది. బోరు నీళ్ల పొర పైన మాత్రమే ఉంటుంది, ఇది కప్పంతా ఉంటుంది, రెండూ ఒకటేనని పొరబడకండి. నీలగిరి మాత్రం గంటయినా తేటగానే ఉంటుంది. ఐస్ టీకి నీలగిరి ఆకు వాడేది అందుకే. చల్లారిన టీని కూడా ఒక చెంచా రుచి చూడండి. వేడిలో దాక్కున్న లోపాలన్నీ చల్లారాక బయటికొస్తాయి.

పాలు పోసి చూడాల్సినవి

సీటీసీని పాలు లేకుండా తాగి, చేదుగా ఉందని తీసిపారేసిన సమీక్షలు చదివితే నాకు బాధేస్తుంది. ఆ పొడిని తయారుచేసిందే పాలకు. ముందు డికాక్షన్ చూడండి, తర్వాత పాలతోనూ చూడండి, మార్కులు పాలతో చూసినదానికే వేయండి.

మొదట 100 మిల్లీలీటర్ల డికాక్షన్‌లో రెండు చెంచాల కాచిన పాలు, చక్కెర లేకుండా. ఇక్కడ రంగు అబద్ధం చెప్పదు. మంచి అస్సాం గింజకు పాలు పోస్తే ఇటుక రంగు తేలి మెరుస్తుంది. సత్తువ లేని పొడి బూడిద కలిపినట్టవుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టీ పాలీఫినాల్స్‌ను పట్టేసుకుంటుంది కాబట్టి వగరు బాగా తగ్గుతుంది. అంతా తగ్గాక కూడా టీ రుచి పాలను దాటుకుని వస్తోందా? సీటీసీకి అసలు పరీక్ష ఇదే. ఆ తర్వాత మీ ఇంట్లో పెట్టుకున్నట్టే, సగం నీళ్లు సగం పాలు, మరగబెట్టి, వేసే చక్కెర వేసి తాగండి. మరిగే టీలో పొడి తట్టుకుని నిలబడిందో, చేదెక్కిందో రాయండి. అల్లం, యాలకులు మాత్రం ఆ రోజుకు వద్దు.

డార్జిలింగ్, గ్రీన్ టీ

డార్జిలింగ్‌కు పాలు వద్దు. ఫస్ట్ ఫ్లష్ ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా వచ్చే కోత. బ్లాక్ టీ అనే పేరే గానీ కప్పులో లేత బంగారు రంగు, పచ్చి చిగుళ్ల వాసన, పూల వాసన. ఆకును బాగా వాడబెట్టడం వల్ల తర్వాత అది పూర్తిగా ఎరుపెక్కదు. రంగు రాలేదని దీనికి మార్కులు కోయకండి. మే, జూన్‌లలో వచ్చే సెకండ్ ఫ్లష్‌లో మస్కటెల్ అని గొప్పగా చెప్పే వాసన ఉంటుంది, బాగా పండిన ద్రాక్షకూ కిస్‌మిస్‌కూ మధ్యది. పచ్చదోమ లాంటి చిన్న పురుగులు ఆకును కొరికి రసం పీల్చినప్పుడు, మొక్క తనను కాచుకోవడానికి విడుదల చేసే పదార్థాలే ఆ వాసనకు మూలం. డార్జిలింగ్ పేరుకు 2004లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాబట్టి ప్యాకెట్ మీద తోట పేరూ కోత పేరూ ఉన్నదే కొనండి.

గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోయకండి. దించాక గిన్నె మార్చి గిన్నెలోకి రెండు మూడుసార్లు పోసి, 75, 80 డిగ్రీలకు తెచ్చి, 2 నిమిషాలు ఉంచండి. చైనా పద్ధతిలో బాణలిలో వేయించిన ఆకులో వేయించిన పెసరపప్పు వాసన వస్తుంది, జపాన్ పద్ధతిలో ఆవిరి పట్టిన దాంట్లో ఉడికిన ఆకుకూర వాసన. ఒంటి బరువు తగ్గుతుందని ఎవరో చెబితే తాగేవాళ్ల సమీక్షల జోలికి నేను పోను.

తప్పులు పట్టడం

పొగ వాసన ఎండబెట్టే యంత్రంలోంచి పొగ తగిలితే వస్తుంది. చైనా లాప్సాంగ్ సూచాంగ్‌ను పైన్ కట్టెల పొగతో కావాలనే అలా చేస్తారు, మామూలు పొడిలో వస్తే అది దోషం. మాడు వాసన వేడి ఎక్కువైతే. ముక్కిన వాసన చెమ్మ తగిలితే. సబ్బు, అగరుబత్తి, మసాలా వాసన వస్తే ఆ తప్పు తోటది కాదు, నిల్వ పెట్టిన చోటిది. టీ పొడి పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. ఇలాంటిది తగిలితే అదే టీ ఇంకో ప్యాకెట్ వేరే చోట కొని చూశాకే రాయండి.

రంగు సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి. "రంగొచ్చే పొడి ఇవ్వండి" అని అడిగేవాళ్లు రోజూ వస్తారు. ఆ కోరికను సొమ్ము చేసుకోవడానికే లూజు టీలో కృత్రిమ రంగు కలుపుతారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన పరీక్ష ఒకటి ఇంట్లోనే చేయొచ్చు. ఫిల్టర్ పేపర్ మీద పొడి పరిచి, తడిసేలా నీళ్లు చల్లండి. కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. అసలు పొడి మరక పెట్టదు, రంగు పూసింది మరక వదులుతుంది. లూజు పొడి మీద రాసే ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. నా కొట్టు పొడి మీద రాసినా సరే, చేసే రాయండి. ఎరుపు ఎక్కువని ఏ టీకీ అదనంగా మార్కులు వేయొద్దని అడిగేది కూడా ఇందుకే. మనం రంగును మెచ్చుకున్నకొద్దీ రంగు కలిపేవాడి బేరం పెరుగుతుంది.

పేరు దాచి తాగడం

ధర, డబ్బా, తోట పేరు ముందే తెలిస్తే నాలుక వాటి మాట వింటుంది. ఇంట్లో ఎవరినైనా కప్పుల అడుగున నంబర్లు అంటించి పోయమనండి. నాకు మా అమ్మాయి పోసిపెడుతుంది. రెండు టీల మధ్య నిజంగా తేడా ఉందా అని అనుమానం వస్తే మూడు కప్పులు పెట్టించుకోండి, రెండింటిలో ఒకే టీ, మూడోదాంట్లో వేరేది. వేరే కప్పు ఏదో కనిపెట్టగలగాలి. ఒకసారి ఊరికే తగలొచ్చు కాబట్టి నాలుగైదుసార్లు చేయండి. కనిపెట్టలేకపోతే ఆ రెండు టీల మధ్య తేడా గురించి రాయకండి.

రాయడం

ముందు వివరాలు: ఏ ఊరి టీ, గ్రేడ్, ప్యాకింగ్ తేదీ, ఎంతకు కొన్నారు, ఏ నీళ్లు, ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు, పాలు పోశారా. తర్వాత మీ ముక్కుకూ నోటికీ తోచింది, తోచిన వరసలోనే. మీకు తెలిసిన వాసనల్లోనే రాయండి. బ్లాక్‌కరెంట్, చెస్ట్‌నట్ అని విదేశీ పట్టికలు చూసి రాస్తే, ఆ పండు తినని మీకూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు. నేరేడు పండు, ఎండు ఖర్జూరం, పాత బెల్లం, తడి గడ్డి, సంపెంగ, వేయించిన పల్లీలు, ఇవి చాలు. నా నోటుపుస్తకంలోంచి ఒకటి ఇస్తున్నాను:

"అస్సాం సీటీసీ, బీపీ. 3 గ్రాములు, 150 నీళ్లు, 6 నిమిషాలు, మున్సిపల్ నీళ్లు కాచి. గింజ గట్టి, పీచు తక్కువ. పిప్పి రాగి రంగు, ఒక అంచున మాడు ఛాయ. డికాక్షన్‌లో వేయించిన రాగులు, వెనక పాత బెల్లం. వగరు బుగ్గల లోపల తగిలి త్వరగా పోయింది. పాలతో ఇటుక రంగు, రుచి పాలను దాటింది. రెండు నిమిషాలకు మించి మరిగిస్తే మాడు పైకొస్తోంది. అల్లం వేసుకునే ఇళ్లకు సరిపోతుంది. ఉత్త టీ తాగేవాళ్లకు వద్దు."

ఇందులో బాగుంది, బాగాలేదు అన్న మాటలే లేవు, అయినా ఎవరు కొనాలో తెలిసిపోతుంది. మార్కులు వేయాలనుకుంటే అన్నీ రాశాక ఆఖర్న వేయండి. ముందే అంకె పెట్టుకుంటే మాటలు దాన్ని సమర్థించే పనిలో పడతాయి. కంపెనీ ఉచితంగా పంపిన ప్యాకెట్ అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పేయండి.

బయట తాగే టీకి ఈ కొలతలేవీ కుదరవు. హైదరాబాద్ ఇరానీ చాయ్‌నే తీసుకోండి. డికాక్షన్ మూత బిగించిన పాత్రలో సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంటుంది, పాలు విడిగా మరిగి చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. పొద్దున ఏడింటికి దిగిన డికాక్షన్ వేరు, సాయంత్రానికి అదే పాత్రలో ఉన్నది వేరు. కాబట్టి వెళ్లిన వేళ రాయండి, వీలైతే ఇంకో వేళకు వెళ్లి మళ్లీ తాగండి. ఉస్మానియా బిస్కెట్ ముట్టుకోకముందే సగం కప్పు తాగేయండి, ఆ ఉప్పూ వెన్నా నాలుకకు పట్టాక తీపి ఎంతో చెప్పలేరు. పాల చిక్కదనం, తీపి, రెండింటి కింద నుంచి టీ వగరు తగులుతోందా లేదా, ఈ మూడూ విడివిడిగా రాయండి. పక్క హోటల్లో అదే పూట ఇంకో కప్పు తాగగలిగితే పోల్చి రాయొచ్చు, నడిచి వెళ్లండి, దారిలో కొన్ని నీళ్లు తాగండి.